మూకీసారు గదిలో మా కాపురం

మా ఆయన చెవులు నిక్షేపంలా ఉన్నాయి. అనుమానం వచ్చి నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. "ఈ వయసులో ఇంత మంచి చెవులు అరుదమ్మా" అని ఆయన మెచ్చుకున్నాడు కూడా. వంటింట్లో నేను బిస్కెట్ల డబ్బా మూత పిల్లిలా తీసినా సరే, లోపలి గదిలోంచి "నాకూ రెండు!" అని వినబడుతుంది. అదే మనిషి, పక్కింటి టీచరమ్మ గోడవతల గొంతు చించుకుని లెక్కల పాఠం చెబుతుంటే, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏదీ? నాకేం వినబడట్లేదే!" అంటారు.

ఇలాంటి మనిషితో వాదించి గెలిచిన ఇల్లాలు ఇంతవరకూ పుట్టలేదు. కాబట్టి నేనే మారిపోయాను. గోడల్లోంచి శబ్దాలు రావడం శాపం కాదు, వరం అని నమ్మడం మొదలుపెట్టాను. ఊళ్ళో ఖాళీ పడిన ఆఫీసులన్నిటినీ ఇళ్ళుగా మార్చేస్తున్న మహానుభావులకి నాదొక విన్నపం. అయ్యా, ఎన్నైనా మార్చండి గానీ, శబ్దాల జోలికి మాత్రం పోకండి! మా బతుకులు చప్పగా అయిపోతాయి!

ముందు మేము ఈ ఇంట్లోకి ఎలా వచ్చిపడ్డామో చెప్పాలి. ఇది మొన్నమొన్నటిదాకా మా ఆయన ఇరవై ఏళ్ళు ఉద్యోగం వెలగబెట్టిన ఆఫీసు. ఓ శుభముహూర్తాన కంపెనీవాళ్ళు "ఇకమీదట అందరూ ఇంటినుంచే పని చేసుకోండి" అన్నారు. మేడ ఖాళీ అయింది. ఖాళీ మేడని ఓ కాంట్రాక్టరు ఇళ్ళుగా మార్చి అమ్మకానికి పెట్టాడు. మా ఆయన ఇంటినుంచి పనిచేయడానికని ఇల్లు వెతుకుతూ వెళ్ళి ఆ ఆఫీసులోనే ఇల్లు కొన్నారు! ఇప్పుడు ఆయన ఇంటినుంచే పని చేస్తున్నారు, ఆఫీసులోనే ఉన్నారు. ఇందులో ఎవరు ఎవర్ని మోసం చేశారో నాకిప్పటికీ అర్థం కాలేదు.

అందులోనూ మా పడకగది ఏ గది? ఆయన మేనేజరు కూర్చున్న గది!

ఆ మేనేజరుని ఆఫీసంతా మూకీసారు అనేవారట. ముందువైపు అద్దం ఉన్న గదిలో కూర్చుని ఆయన ఫోను మాట్లాడేవాడు, మనుషుల్ని పిలిచి చీవాట్లు పెట్టేవాడు. బయట బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళకి పెదాలు కదలడం కనబడేదే తప్ప ఒక్క ముక్క వినబడేది కాదట. "ఇరవై ఏళ్ళు తలుపు తట్టి, లోపలికి రావచ్చా సార్ అని అడిగిన గది. ఇప్పుడు అందులో కాళ్ళు బార్లా చాపుకుని పడుకుంటాను!" అన్నారు మా ఆయన. ఒక మనిషి కక్ష తీర్చుకోవడానికి నా సంసారాన్ని సామానుతో సహా తీసుకొచ్చి దించాడన్నమాట.

"శబ్దాల సంగతేమిటండీ?" అని అడిగాను, తెలివిగా.

"పిచ్చిదానా! మూకీసారు గోడలవి. చీమ చిటుక్కుమన్నా వినబడదు. ఇరవై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను!"

ఈ అనుభవాన్ని ఆయన నా ఒక్కదానికే చెప్పి ఊరుకుంటే బాగుండేది. పాత స్నేహితుడు ఒకాయనకీ చెప్పారు. ఆయన భార్యే పక్కింటి టీచరమ్మ. వాళ్ళు తెలిసినవాళ్ళకి చెప్పారు. మా అంతస్తులో నాలుగిళ్ళు. మాది, టీచరమ్మది, కొత్తగా పెళ్ళయిన ఒక జంటది, చివర్న ఒంటరిగా ఉండే తాతగారిది. నలుగురమూ మా ఆయన అనుభవాన్ని నమ్మి కొనుక్కున్నవాళ్ళమే.

వచ్చిన రోజే గడియారం గోడకి తగిలించి, వారం తిరక్కుండా తీసేశాను. దాంతో పనేముంది? తాతగారి గురక మొదలైతే మధ్యాహ్నం. టీచరమ్మ "నిశ్శబ్దం! నిశ్శబ్దం!" అని అరిస్తే సాయంత్రం. పై అంతస్తులో ఒకాయన చక్రాల కుర్చీలో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటాడు. వెనకటికి ఆఫీసు నేల నిండా మెత్తటి తివాచీ ఉండేదట. ఇల్లన్నాక తడిబట్ట పెట్టి తుడవాలి కదా అని, తివాచీ పీకేసి టైల్స్ వేశారు. ఆయన కుర్చీ ఇటు జరిగితే మా ఇంట్లో ఉరుము. అటు జరిగితే పిడుగు. ఆయన లేచి మంచినీళ్ళు తాగడానికి వెళితే మబ్బు విడిచినట్టే.

ఇంక చదువు! బళ్ళో నేను భయపడి వదిలేసిన లెక్కలన్నీ ఇప్పుడు కూర తరుగుతూ నేర్చుకున్నాను. మొన్న ఒక పిల్లవాడు జవాబు తప్పు చెబితే, నా నోరు ఊరుకోక "మైనస్ మర్చిపోయావురా!" అన్నాను. గోడవతలినుంచి "థాంక్యూ ఆంటీ!" అని ఆరుగురు ఒక్కసారిగా అన్నారు. పైసా ఫీజు లేకుండా ఇలాంటి విద్య ఏ గోడ నేర్పుతుంది చెప్పండి?

కాంట్రాక్టరు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు పాపం. మొదట మందపాటి కర్టెన్లు కట్టుకోమన్నాడు. కట్టాం. శబ్దాలకేమీ కాలేదు గానీ, గాలి రావడం మానేసింది. తరవాత గోడకి ఆనించి పుస్తకాల బీరువాలు పెట్టుకోమన్నాడు. పెట్టాం. టీచరమ్మ గొంతుకి బీరువా అద్దాలు తోడై తాళం వెయ్యడం మొదలుపెట్టాయి. ఆఖరికి టీచరమ్మకి ఒక చిన్న యంత్రం తెచ్చిచ్చాడు. అది వాన కురుస్తున్నట్టు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడులో మిగతా చప్పుళ్ళు కలిసిపోతాయట! ముల్లుని ముల్లుతోనే తీయాలి కదా!

ఆవిడ దాన్ని నొక్కిన మొదటిరోజు నేను చెప్పులైనా వేసుకోకుండా డాబా మీదికి పరిగెత్తాను, ఆరేసిన బట్టలు తీయడానికి. నా వెనకాలే కొత్త పెళ్ళికూతురు. ఆవిడ వెనకాల గొడుగు పట్టుకుని తాతగారు! పైన ఎండ నెత్తి మాడ్చేస్తోంది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకుని, ఎండిన బట్టలు కాబట్టి ఎలాగూ తీసుకుని కిందికి దిగాం. చూశారా, బట్టలు వేళకి ఇంట్లోకి చేరుతున్నాయి!

అన్నిటికంటే పెద్ద వరం ఇంకోటుంది. మా ఇంట్లో పోట్లాటలు ఆగిపోయాయి.

మొదట్లో మామూలుగానే పోట్లాడుకునేవాళ్ళం. ఒకరోజు, "కుళాయి కట్టకుండా వెళ్ళిపోయారు, ట్యాంకు ఖాళీ!" అని నేనంటే, "నేను కట్టేశాను!" అని ఆయనన్నారు. "కట్టలేదు!" "కట్టాను!" ఇంతలో పైనించి ఒక గొంతు, ఆకాశవాణిలాగా, "కట్టలేదు నాయనా. పొద్దుటినుంచీ వింటూనే ఉన్నాను" అంది. చివరింటి తాతగారు! నాకు ప్రాణం లేచొచ్చింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో నా పక్షాన సాక్షి దొరకడం అదే మొదటిసారి.

కానీ ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. సాక్షులు రెండువైపులా మాట్లాడతారు కదా! ఇంకోసారి నేను ఏదో అంటే టీచరమ్మ మొగుడు గోడవతలనించి, "అన్నయ్య చెప్పిందే కరెక్టమ్మా" అన్నాడు. దాంతో నాకు నోరు పడిపోయింది. అప్పటినుంచి మా పోట్లాటలన్నీ లిఫ్టులో పెట్టుకున్నాం. తలుపు మూసుకోగానే మొదలు. నాలుగో అంతస్తులో ఎవరైనా ఎక్కితే ఇద్దరం పళ్ళికిలిస్తాం. వాళ్ళు దిగగానే వాక్యం ఎక్కడ ఆపానో వెతుక్కుని మళ్ళీ అందుకుంటాను. కోపం ఎంతసేపు ఆగుతుంది? కింది అంతస్తు వచ్చేసరికి అసలు గొడవ ఎందుకో మర్చిపోయి, కూరగాయలు కొనుక్కుని పైకి వచ్చేస్తున్నాం.

కొత్త జంట పరిస్థితి ఇంకా ముచ్చటగా ఉంది. వాళ్ళిద్దరూ సైగలతోనే కాపురం చేసుకుంటున్నారు. మొన్న ఆ పిల్ల నాతో మాట్లాడుతూ కూడా, ఉప్పు కావాలని చేత్తో చూపించింది.

ఇంత సుఖంగా ఉన్నవాళ్ళం, అటక లేకపోవడం ఒక్కటే లోటు. ఆఫీసువాళ్ళకి అటక ఎందుకుంటుంది? పాత సూట్‌కేసులు, పనికిరావని తెలిసినా పారెయ్యలేని సామాన్లు ఎక్కడ పెట్టుకోవాలి? తల పైకెత్తి చూస్తే, ఆఫీసుకాలం నాటి సీలింగు. చదరంగం గళ్ళలాగా తెల్లని పలకలు. ఒక పలకని చీపురుకర్రతో పొడిస్తే పైకి లేచింది. ఆహా, పైన బోలెడు చోటు! నిచ్చెన వేసుకుని, చంకలో సూట్‌కేసు పెట్టుకుని, తల పైకి దూర్చాను.

ఎదురుగా ఇంకో తల!

నేను కెవ్వుమన్నాను. ఆ తల కూడా కెవ్వుమంది. టీచరమ్మ! ఆవిడ చేతిలోనూ ఓ అట్టపెట్టె.

"వదినా! మా అటక మీద మీరేం చేస్తున్నారు?" అంది.

"మీ అటకేమిటి? ఇది మా అటక!"

అప్పుడు ఇద్దరం ఒకేసారి కిందికి చూశాం. మా రెండిళ్ళ మధ్య గోడ మా గడ్డాలదాకా వచ్చి ఆగిపోయింది. ఆ పైన గోడ లేదు. పైకప్పుదాకా ఖాళీయే. అటు తిరిగి చూస్తే కొత్త జంట గోడా అంతే. చివర్న తాతగారి గోడా అంతే. ఆఫీసు గదులకి కట్టిన అడ్డుగోడలవి, సీలింగు పలకల దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. కాంట్రాక్టరు వాటికే రంగులు వేసి ఇళ్ళన్నాడు. పైనించి చూస్తే మావి నాలుగిళ్ళు కావు, పోపులపెట్టెలో నాలుగు గిన్నెలు. మూత ఒకటే. ఆవాలు జీలకర్రలోకి దూకకుండా ఎవరాపగలరు?

"వదినా, అయితే మీరు అన్నయ్యగారిని లిఫ్టులోకి తీసుకెళ్ళేముందు పళ్ళు నూరడం కూడా..." అంది టీచరమ్మ మెల్లిగా.

"వినబడుతోందా?"

"చక్కగా!"

విషయం కాంట్రాక్టరు చెవిన వేశాం. అతను నీళ్ళు నమలకుండా చెప్పాడు. "నిజమేనమ్మా. నాలుగిళ్ళవాళ్ళూ ఒక్కమాట మీద వచ్చి అడగండి, గోడలన్నీ పైకప్పుదాకా లేపి ఇస్తాను. ఒకటి లేపి ఒకటి వదిలేస్తే వృథా. కానీ ఈ వారంలోనే తేల్చాలి. తరవాత మావాళ్ళు ఇంకో మేడకి వెళ్ళిపోతారు. మళ్ళీ నా చేతిలో లేదు."

మూడిళ్ళవాళ్ళు ఒక్కమాట మీద ఉన్నారు. నాలుగో ఇంటి యజమాని మాత్రం, "గోడలకేం? భేషుగ్గా ఉన్నాయి!" అన్నారు.

"మీరు నిచ్చెనెక్కి చూడండి ఒక్కసారి!"

"చూడక్కర్లేదు. పైన గాలి ఆడడానికి వదిలారు. అదే ఇంజనీరింగు! ఇరవై ఏళ్ళు ఈ గోడ బయట కూర్చున్నవాణ్ణి నేను. నువ్వొచ్చి నాకు చెబుతావా?"

ఆయన బాధ నాకు తెలియదా? గోడ తప్పంటే, తన ఇరవై ఏళ్ళ అనుభవం తప్పు. నలుగురి చేతా కొనిపించినందుకు తలెత్తుకోలేరు. అందుకని నలుగురం చెవులు మూసుకుని బతకాలి! లిఫ్టులో ఎంత వాదించినా లాభం లేకపోయింది. వారం గడిచిపోతోంది.

ఆఖరికి ఆయనే ఒక ఎత్తు వేశారు. "నా మాట మీద నీకు నమ్మకం లేదు కదా? ఈ గదిలో కూర్చున్న మనిషినే పిలుస్తాను. మూకీసారే వచ్చి చెబుతారు. అప్పుడైనా నోరు మూస్తావా?"

ఫోను చేశారు. గడువుకి ఆఖరిరోజైన ఆదివారం కాఫీకి రమ్మన్నారు. ఇరుగుపొరుగుని పిలవాల్సిన పని లేకపోయింది. ఆ ఫోను వాళ్ళకి ఎలాగూ వినబడింది.

మూకీసారు వచ్చాడు. తెల్లజుట్టు, నవ్వుమొహం. ఆయనేం చెప్పినా వినడానికి ముందుకి వంగాలి. అంత మెల్లని గొంతు. పడకగదిలో, ఒకప్పుడు ఆయన బల్ల ఉన్నచోటే కుర్చీ వేసి కూర్చోబెట్టారు మా ఆయన. గోడవతల టీచరమ్మ పిల్లలకి ఏదో లెక్క ఇచ్చింది.

మూకీసారు కాఫీ ఒక గుక్క తాగి, తల పక్కకి వంచి, "పాపం, ఆ పిల్లవాడికి రాలేదు" అన్నాడు.

"ఏ పిల్లవాడు సార్?" అన్నారు మా ఆయన.

"అవతల. ఏమయ్యా, ఈ గోడ ఇంకా పైదాకా లేపలేదా?"

మా ఆయన ఆయన కుర్చీ దగ్గరికి జరిగారు. "అదేంటి సార్! మీ గదిలోంచి మాకు ఒక్క మాటయినా వినబడేది కాదు కదా!"

"నేను గొంతెత్తితే కదయ్యా వినబడ్డానికి?" అన్నాడాయన. "నేను చేరిన కొత్తలో నా గొంతు గంటలా ఉండేది. వారం కాకముందే, ఇక్కడ కూర్చుని ఉంటే, బయట నువ్వు మీవాళ్ళతో 'మన సారుకి మైకు అక్కర్లేదురా, మింగేసి వచ్చాడు' అనడం విన్నాను. ఓహో, మాటలు అటూ ఇటూ నడుస్తాయన్నమాట అనుకున్నాను. అంతే. ఆ రోజునుంచి గుసగుసే. ఆ మొదటి వారం నువ్వు మర్చిపోయావు, తరవాతి గుసగుస నా దర్జా అనుకున్నావు."

"అంటే... మేము మాట్లాడుకున్నవన్నీ..."

"అన్నీ."

మా ఆయన మంచం మీద కూలబడ్డారు. ఎందుకో మూకీసారే చెప్పాడు, తీరిగ్గా. ఆయన అద్దం వెనక ఫోను మాట్లాడుతుంటే, బయట మా ఆయన ఆ పెదాల కదలికకి డబ్బింగు చెప్పేవారట! "హలో, నేనేనండీ, పనేమీ లేదు, ఉన్నట్టు కనబడాలి కదా" లాంటివి. ఆఫీసంతా పడీ పడీ నవ్వేదట.

"అప్పుడు నేను ఫోనులో మా ఆవిడతో మాట్లాడుతుండేవాణ్ణయ్యా. ఓసారి నీ డబ్బింగు మా ఆవిడకి కూడా వినబడి, 'ఆ అబ్బాయి చెప్పిందే బాగుంది, మీరు ఊరుకోండి' అంది. నువ్వు ఇబ్బంది పడతావేమోనని నీకు కుదిరేలా పెదాలు మెల్లిగా కదిపేవాణ్ణి. నవ్వొస్తే సొరుగులో తల పెట్టుకుని నవ్వేవాణ్ణి."

"సార్, నా సెలవులు..." మా ఆయన గొంతు పీలగా వచ్చింది.

"బయట రిహార్సలు వేసుకుని వచ్చేవాడివి కదూ? రిహార్సలే బాగుండేది. నా ఎదుట కొంచెం ఎక్కువ దగ్గేవాడివి."

గోడవతల పిల్లలు కిసుక్కుమన్నారు. నేను చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇరవై రెండేళ్ళ కక్ష ఇలా కూర్చోబెట్టి తీరుస్తారని నేననుకున్నానా!

కానీ మూకీసారు కప్పు కింద పెట్టి, నావైపు తిరిగి ఇంకో మాట అన్నాడు. "నవ్వుకి చెబుతున్నాను గానీ అమ్మా, ఇన్నేళ్ళు గొంతు నొక్కుకున్నానా, ఇప్పుడది పైకి రానంటోంది. ఇంట్లో నేనేదన్నా అంటే మా ఆవిడ టీవీ కట్టేసి 'ఏమన్నారు?' అంటుంది. మనవరాలు దూరం పోతుంటే ఆగమని కేకెయ్యలేను. అలవాటైపోయింది."

నా నవ్వు ఆగిపోయింది. మనిషి గొంతుని మింగేసిన గదన్నమాట ఇది. ఇప్పుడు అందులో నేనున్నాను. ఉప్పు అడగడానికి చెయ్యి చూపించే పిల్ల అటుపక్క ఇంట్లో ఉంది.

పాఠకులారా, ఇంతసేపూ వరాలని ఏకరువు పెట్టాను కదా, ఇంక దాచను. గురక నాకు అలవాటైపోయింది. ఉరుములు అలవాటయ్యాయి. లెక్కల పాఠమైతే, మానేస్తే బెంగ పెట్టుకుంటాను. నన్ను తినేసింది చప్పుళ్ళు కావు. నా ఇంట్లో నా మొగుడితో నేను గొంతెత్తి "మీరు చెప్పింది తప్పండీ!" అనలేకపోవడం. అన్నిరకాల చప్పుళ్ళనీ మోసుకొచ్చిన ఈ గోడలు, నేను వినాలనుకున్న ఒక్క మాటని మాత్రం ఇన్నాళ్ళుగా ఒక్కసారి మోసుకురాకపోవడం!

"మీరేమంటారు?" అన్నాను మా ఆయనతో. లిఫ్టులో కాదు. పడకగదిలో. నా సొంత గొంతుతో. ఎంత గట్టిగా అన్నానంటే నాకే భయమేసింది.

గోడవతల పాఠం ఆగింది. తాతగారి గురక ఆగింది. పైన చక్రాల కుర్చీ ఉన్నచోటే నిలబడిపోయింది. ఇంత నిశ్శబ్దం ఈ మేడ ఆఫీసుగా ఉన్నప్పుడు కూడా ఎరగదు.

మా ఆయన ఒకసారి దగ్గారు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. "అంటే... కొంత పొరపాటు జరిగినట్టు... పరిశీలిస్తే..." అన్నారు, లోగొంతుకతో, సాగదీస్తూ.

"అది నా గొంతయ్యా" అన్నాడు మూకీసారు. "నీ గొంతుతో చెప్పు."

మా ఆయన నావైపు చూశారు. గోడవైపు చూశారు. తల పైకెత్తి సీలింగు పలకలకేసి చూశారు. ఆపైన లేచి నిలబడి, నాలుగిళ్ళకీ వినబడేలా, గుండెల నిండా గాలి పీల్చుకుని అన్నారు:

"నాదే తప్పు! ఈ గోడలు గోడలు కావు. మీ అందరికీ నేను చెప్పింది శుద్ధ తప్పు. పదండి, అందరం కలిసి వెళ్ళి కాంట్రాక్టరుని అడుగుదాం!"